సైటేషన్ల లెక్కలో ఒక సైంటిస్టు: యొషినోరి ఒసుమి ప్రచురణలను ఎలా చదవాలి?

2016 అక్టోబరు 3న వైద్యశాస్త్ర నోబెల్ ప్రకటించినప్పుడు కమిటీ విడుదల చేసిన ప్రకటన చివర, ముఖ్యమైన ప్రచురణలంటూ నాలుగంటే నాలుగే పేపర్లు ఇచ్చారు. ఒకటి 1992 నాటిది, రెండోది 1993, మూడోది 1998, నాలుగోది 2000. ఆ ఏడాది బహుమతి ఒక్కరికే దక్కింది. ఆయన జపాన్‌కు చెందిన కణజీవశాస్త్రవేత్త యొషినోరి ఒసుమి. కణం తనలోని పాత, పాడైన భాగాలను ఒక పొరలో చుట్టి, జీర్ణం చేసుకుని, ఆ ముడిసరుకును మళ్లీ వాడుకుంటుంది. దీన్నే ఆటోఫేజీ అంటారు. దాన్ని నడిపించే జన్యువులను పట్టుకున్నందుకు ఆ గౌరవం.

ఒక పేపర్‌ను తర్వాతి పేపర్లు ఎన్నిసార్లు ప్రస్తావించాయో లెక్కించేది సైటేషన్ డేటాబేస్. అదే ఒసుమి పేరుతో అలాంటి ఏ డేటాబేస్‌లో వెతికినా వందల పేపర్లు వస్తాయి. ఎక్కువ సైటేషన్లున్నవి పైకి వచ్చేలా వరస మారిస్తే, నోబెల్ కమిటీ ఎంచిన నాలుగూ అదే క్రమంలో పైన కనిపించవు. ముందు వరసలో కనిపించే వాటిలో ఒకటి 2000లో ఎంబో జర్నల్‌లో వచ్చిన ఎల్‌సీ3 అనే ప్రోటీన్ మీది పేపర్. అది కమిటీ జాబితాలో లేనే లేదు. కమిటీ ఎంచిన నాలుగూ రొట్టెలకు వాడే ఈస్ట్ మీద చేసిన పని. ఎల్‌సీ3 పేపరేమో పాలిచ్చే జంతువుల కణాల మీద చేసింది.

ఒకే మనిషి పని గురించి రెండు జాబితాలు రెండు రకాలుగా ఎందుకు మాట్లాడుతున్నాయి? సైంటిస్టుల ఉద్యోగాలు, ప్రమోషన్లు, గ్రాంట్లు, జిల్లా పేపర్లో ఫొటోతో వచ్చే అభినందన వార్తలు అన్నీ రెండో రకం జాబితా మీదే నడుస్తున్న రోజులివి. ఆ తేడా ఎక్కడి నుంచి వస్తుందో తెలిస్తే ఆ అంకెలను ఎంతవరకు నమ్మాలో కూడా తెలుస్తుంది.

పేపర్ రాసేవాళ్లు తమకన్నా ముందు ఎవరు చేసిన పని మీద ఆధారపడ్డారో చివర జాబితాగా ఇస్తారు. ఆ జాబితాలోకి ఎక్కిన ప్రతి పేపర్‌కూ ఒక సైటేషన్ పడినట్టు. అంతే. అది మెచ్చుకోలు కావచ్చు, కేవలం పద్ధతిని వాడుకున్నామని చెప్పడం కావచ్చు, 'వీళ్లు చెప్పింది తప్పు' అని ఎత్తిచూపడం కూడా కావచ్చు. లెక్కలో మాత్రం అన్నీ ఒకటే. 2014 జనవరిలో జపాన్‌కే చెందిన రికెన్ సంస్థ పరిశోధకులు, మామూలు కణాలను కొద్దిగా యాసిడ్‌లో ఉంచితే మూలకణాలుగా మారిపోతాయంటూ నేచర్ అనే ప్రసిద్ధ జర్నల్‌లో రెండు పేపర్లు వేశారు. ఎవరు చేసి చూసినా ఆ ఫలితం రాలేదు, జులైలో రెండింటినీ వెనక్కి తీసుకున్నారు. వాటిని తప్పుపట్టిన పేపర్లు ఇచ్చిన సైటేషన్లు కూడా వాటి ఖాతాలోనే పడ్డాయి.

ఒసుమి సంగతికొద్దాం. 1945లో ఫుకుఓకాలో పుట్టిన ఆయన 1974లో టోక్యో విశ్వవిద్యాలయం నుంచి డాక్టరేట్ తీసుకున్నారు. తర్వాత న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయంలో పోస్ట్‌డాక్, అంటే డాక్టరేట్ తర్వాత చేసే పరిశోధన. అక్కడ మొదట ఎలుకల మీద, తర్వాత ఈస్ట్ మీద పనిచేశారు. 1977లో టోక్యోకు తిరిగివచ్చి, ఇంకొకరి ల్యాబ్‌లో ఈస్ట్ కణంలోని వాక్యూల్ అనే సంచి పొరమీదుగా పదార్థాలు ఎలా అటూఇటూ వెళ్తాయో చూశారు. తనకంటూ సొంత ల్యాబ్ వచ్చింది 1988లో. అప్పటికి వయసు 43. మన దగ్గర చాలా సెలక్షన్ కమిటీలు ఆ వయసుకు ప్రొఫెసర్ పోస్టు కోసం చూసే పాయింట్ల లెక్కలో ఆయన ఎక్కడుండేవారో ఊహించుకోవచ్చు.

అప్పట్లో వాక్యూల్ అంటే కణంలోని చెత్తకుండీ అన్న భావమే ఎక్కువ. ఒసుమికి అదే నచ్చింది. పోటీ తనకు పడదని, పదిమంది ఎగబడే చోటికన్నా ఎవరూ చూడని చోట వెతకడమే ఇష్టమని ఆయన చాలాసార్లు చెప్పారు. వాక్యూల్‌లో ప్రోటీన్లను ముక్కలు చేసే ఎంజైములు లేని ఈస్ట్ రకాలను తీసుకుని, వాటికి నత్రజని అందకుండా మాడ్చారు. కణం ఆకలికి తన భాగాలనే వాక్యూల్‌లోకి పంపుకుంటోంది, కానీ ముక్కలు చేసే ఎంజైములు లేవు కాబట్టి అవి కరగకుండా పేరుకుపోతున్నాయి. మామూలు మైక్రోస్కోపులోనే వాక్యూల్ లోపల గుండ్రటి ముద్దలు గిరగిరా కదులుతూ కనిపించాయి. ఈస్ట్‌లో ఆటోఫేజీ ఉందనడానికి అదే కంటికి కనిపించిన సాక్ష్యం. ఇది చూసింది 1988లో, అచ్చయింది 1992లో, జర్నల్ ఆఫ్ సెల్ బయాలజీలో. మధ్యలో నాలుగేళ్లు గడిచాయి.

కంటికి కనిపించే గుర్తు దొరికింది కాబట్టి, ఆ గుర్తు కనిపించని ఈస్ట్‌లను వెతికితే ఆటోఫేజీ జన్యువులు పాడైనవి దొరుకుతాయి. మికి త్సుకదా అనే విద్యార్థిని ఆ వేట చేసింది. మొత్తం 15 జన్యువులకు సంబంధించిన మార్పులు దొరికాయి. ఆ పేపర్ 1993లో ఫెబ్స్ లెటర్స్ అనే జర్నల్‌లో వచ్చింది. ఆరు పేజీలు, ఇద్దరే రచయితలు. ఫెబ్స్ లెటర్స్ మంచి జర్నలే, కానీ నేచర్, సెల్, సైన్స్ అని జపం చేసే లోకంలో దాని పేరు చెబితే ఎవరూ లేచి నిలబడరు. ఇప్పుడు మనం ఆటోఫేజీ అని పిలిచే రంగమంతా ఆ ఆరు పేజీల మీద నిలబడి ఉంది.

మరి అప్పట్లో ఆ పేపర్‌కు సైటేషన్లు? ఇక్కడే అసలు కిటుకు. సైటేషన్ పడాలంటే ముందు ఎవరో ఒకరు ఆ విషయం మీద పేపర్ రాయాలి. ఆటోఫేజీ అన్న పేరును బెల్జియం శాస్త్రవేత్త క్రిస్టియన్ డి డూవ్ 1963లోనే పెట్టారు. ఆయన 1974లో నోబెల్ కూడా తీసుకున్నారు. అయినా ముప్ఫై ఏళ్లపాటు ఆ రంగం పెద్దగా కదల్లేదు. 1990ల మొదట్లో ప్రపంచం మొత్తం మీద దీని గురించి ఏడాదికి వచ్చే పేపర్లు పదుల్లోనే ఉండేవి. వాళ్లంతా కూడబలుక్కుని ఒసుమినే సైట్ చేసినా అంకె ఎంతకని పెరుగుతుంది? ఇప్పుడు ఏడాదికి వేలల్లో వస్తున్నాయి. 1993 పేపర్‌లో ఒక్క అక్షరం మారలేదు, మారింది చదివేవాళ్ల సంఖ్య. ఒక పేపర్‌కు ఎన్ని సైటేషన్లు వచ్చాయంటే, ఆ తర్వాత ఆ వీధిలోకి ఎంతమంది కాపురానికి వచ్చారన్నదే మనకు తెలుస్తుంది. మొదటి ఇల్లు ఎంత బాగా కట్టారన్నది అందులోంచి నేరుగా తెలియదు.

జనం ఎందుకొచ్చారన్నది కూడా చూడాలి. 1998లో ఒసుమి బృందం ఈ జన్యువుల్లో కొన్ని కలిసి ఒక ప్రోటీన్‌ను ఇంకో ప్రోటీన్‌కు అతికించే వ్యవస్థగా పనిచేస్తాయని నేచర్‌లో చూపించింది. 2000లో అలాంటిదే మరో వ్యవస్థ ఒక ప్రోటీన్‌ను కొవ్వు అణువుకు అతికిస్తుందని చూపించింది. ఇవి పూర్తిగా కొత్త సంగతులు. కమిటీ వాటిని ఎంచడం అందుకే. మరోపక్క 1999లో అమెరికాలో బెత్ లెవీన్ బృందం బెక్లిన్-1 అనే జన్యువు ద్వారా ఆటోఫేజీకీ క్యాన్సర్‌కూ సంబంధం ఉందని చెప్పింది. 2006లో జపాన్ నుంచే వచ్చిన రెండు పేపర్లు, ఎలుకల మెదడులో ఆటోఫేజీ ఆగిపోతే నాడీకణాలు దెబ్బతింటాయని చూపాయి. క్యాన్సర్, పార్కిన్‌సన్స్, అల్జీమర్స్ అన్న మాటలు చేరాయంటే గ్రాంట్లు చేరినట్టే. అప్పటిదాకా ఈస్ట్ మొహం చూడని ల్యాబ్‌లు కూడా వచ్చేశాయి.

వాళ్లందరికీ ఒక్కటి కావాలి: తమ కణాల్లో ఆటోఫేజీ జరుగుతోందో లేదో తేల్చే పరీక్ష. అది ఇచ్చింది ఎల్‌సీ3 పేపర్. పాలిచ్చే జంతువుల కణాల్లో ఆటోఫేజీ మొదలైతే ఎల్‌సీ3 రూపం మారి, చుట్టుకునే పొరకు అతుక్కుంటుంది. దాన్ని ప్రోటీన్లను విడదీసే జెల్ మీద చారలుగా చూడొచ్చు, మైక్రోస్కోపులో చుక్కలుగా చూడొచ్చు. ఆటోఫేజీ అన్న మాట పేపర్‌లో ఉంటే దాదాపు ఎల్‌సీ3 బొమ్మ కూడా ఉంటుంది. అందుకే దాని అంకె అంత పైకి వెళ్లింది. కొత్త దారి చూపించిన పేపర్ ఒకటి, నడిచేవాళ్లందరికీ పనిముట్టు అందించిన పేపర్ మరొకటి. సైటేషన్ల లెక్క ఎప్పుడూ రెండోదాని వైపే మొగ్గుతుంది.

ఇది ఒసుమి ఒక్కరి కథ కాదు. శాస్త్ర చరిత్రలో అత్యధిక సైటేషన్లు వచ్చిన పేపర్ల జాబితాను 2014లో నేచర్ ప్రచురించింది. మొదటి మూడూ ప్రోటీన్లతో పనిచేసే పద్ధతులే. 1951లో ఆలివర్ లౌరీ బృందం రాసిన, ప్రోటీన్ ఎంతుందో కొలిచే పద్ధతికి అప్పటికే 3 లక్షలకు పైగా సైటేషన్లు. రెండోది 1970లో ఉల్రిచ్ లెమ్లీ ఒక్కరే రాసింది, 2 లక్షలకు పైగా. దాని అసలు విషయం బ్యాక్టీరియాను సోకే ఒక వైరస్ తలభాగం ఎలా తయారవుతుందన్నది. దాన్ని సైట్ చేసిన లక్షల మందిలో అత్యధికులకు ఆ వైరస్ గురించి ఏమీ పట్టదు. వాళ్లకు కావలసింది ఒక బొమ్మ కింద రాసిన జెల్ తయారీ వివరం. మూడోది మేరియన్ బ్రాడ్‌ఫోర్డ్ 1976లో ఇచ్చిన మరో కొలత పద్ధతి. డీఎన్ఏ రెండు పేటల మెలి నిర్మాణం చెప్పిన 1953 పేపర్ ఈ జాబితా దరిదాపుల్లో లేదు. లౌరీ కూడా తన పేపర్ గొప్పదేమీ కాదని నిజాయితీగా ఒప్పుకున్నారు.

మన తెలుగువాడు యల్లాప్రగడ సుబ్బారావు కథ కూడా ఇలాంటిదే. 1895లో భీమవరంలో పుట్టి హార్వర్డ్ చేరిన ఆయన, సైరస్ ఫిస్క్‌తో కలిసి 1925లో జర్నల్ ఆఫ్ బయలాజికల్ కెమిస్ట్రీలో ఫాస్ఫరస్‌ను రంగు ద్వారా కొలిచే పద్ధతిని ప్రచురించారు. ఫిస్క్-సుబ్బారావు పద్ధతిగా దశాబ్దాల పాటు ల్యాబ్‌లలో వాడారు. ఇరవయ్యో శతాబ్దంలో అత్యధికంగా సైట్ అయిన పేపర్లలో అదొకటి. ఆ పద్ధతితోనే వాళ్లు కండరంలో ఫాస్ఫోక్రియాటిన్‌ను కనుక్కున్నారు. 1929లో ఏటీపీని వేరుచేశారు (అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా కనుక్కున్నారు). కణంలో ఏ పని జరగాలన్నా ఖర్చయ్యేది ఏటీపీయే. ఈ రోజు ఏటీపీ అన్న మాట లేని కణజీవశాస్త్ర పేపర్ దొరకడం కష్టం, వాటిలో 1929 పేపర్‌ను సైట్ చేసేది దాదాపు ఉండదు. ఒక విషయం పాఠ్యపుస్తకంలోకి ఎక్కేసి అందరి సొత్తయ్యాక దాన్ని కనుక్కున్న పేపర్‌కు సైటేషన్లు ఆగిపోతాయి. గొప్ప విజయానికి శిక్ష అన్నమాట. హార్వర్డ్ ఆయనకు శాశ్వత పదవి ఇవ్వలేదు. ఆయన 1940లో లెడర్లీ అనే మందుల కంపెనీకి వెళ్లిపోయారు. అక్కడ నడిపించిన పనిలోంచి ఫోలిక్ యాసిడ్ తయారీ, బోదకాలు మందు, క్యాన్సర్‌కు వాడే మెథోట్రెక్సేట్ వచ్చాయి. వాటిలో చాలావాటి పేపర్ల మీద ఆయన పేరే లేదు. సైటేషన్ డేటాబేస్‌లో ఆయన్ను వెతికితే ముందు కనిపించేది ఫాస్ఫరస్ కొలత మాత్రమే.

పేరు మాట వచ్చింది కాబట్టి ఇంకో చిక్కు చెప్పాలి, ఇది మనవాళ్లకు మరీ ఎక్కువ. డేటాబేస్‌కు ఇంటిపేరు చివర ఉండాలి. మనకేమో అది ముందు, అదీ ఒక్క అక్షరంగా. యల్లాప్రగడ సుబ్బారావు అక్కడ 'సుబ్బారో వై' అయిపోయారు. ఒక్కోచోట సుబ్బ, రో విడివిడిగా, ఒక్కోచోట కలిపి. కె. శ్రీనివాసరావు అనే పేరు ఒక పేపర్‌లో 'రావు కె.ఎస్.', ఇంకో పేపర్‌లో 'శ్రీనివాసరావు కె.', పాస్‌పోర్టు చూసి అమెరికా జర్నల్ వేసిన పేపర్‌లో మరోటి. ఒక మనిషి రికార్డు ముగ్గురి మధ్య చీలిపోతుంది. దీనికి వ్యతిరేకం కూడా జరుగుతుంది: రెడ్డి, రావు అనే పేర్ల కింద పదిమంది పని ఒక్కరి ఖాతాలో పడి, ఆ ఒక్కరు మహానుభావుడిలా కనిపిస్తారు. పెళ్లయ్యాక పేరు మార్చుకున్న మహిళల పేపర్లు రెండుగా తెగిపోవడం మామూలే. 2012లో మొదలైన ఆర్కిడ్ అనే 16 అంకెల గుర్తింపు సంఖ్య దీనికి మందు. పరిశోధనలోకి అడుగుపెట్టే పిల్లలు మొదటి పేపర్ నాడే అది తీసుకుని, పేరు ఒక్కలాగే రాయాలని నిర్ణయించుకుంటే తర్వాత చాలా టెన్షన్ తప్పుతుంది.

పేర్ల వరసకు కూడా అర్థం ఉంది. కణజీవశాస్త్రంలో మొదటి పేరు బల్ల దగ్గర ఎక్కువ పని చేసినవారిది, చివరి పేరు ల్యాబ్ నడిపేవారిది. 1993 పేపర్‌లో త్సుకదా ముందు, ఒసుమి చివర. 1998 పేపర్‌లో మొదటి పేరు నొబొరు మిజుషిమా. ఆయన డాక్టరు, వైద్యం వదిలి ఒసుమి దగ్గర పోస్ట్‌డాక్‌గా చేరారు. తర్వాత సొంతంగా ఈ రంగంలో పెద్ద పేరయ్యారు. ఎల్‌సీ3 పేపర్‌లో కీలకమైన తమొత్సు యొషిమొరి కూడా అంతే, 1996లో ఒసుమి ఒకజాకిలోని జాతీయ సంస్థకు మారాక అక్కడ ఆయనతో కలిసి పనిచేశారు. గణితంలో అయితే పేర్లు అక్షర క్రమంలో వేస్తారు, అక్కడ ఈ అర్థం వర్తించదు. ఒకరి రికార్డు చూసేటప్పుడు ఎన్ని పేపర్లన్నది కాకుండా ఎన్నింటిలో మొదట, ఎన్నింటిలో చివర, ఎన్నింటిలో నడుమ ఎక్కడో ఉన్నారన్నది లెక్కించాలి. నడుమ ఉండటం తప్పేం కాదు, కానీ నూరు పేపర్లలోనూ నడుమే ఉంటే ఆ మనిషి ప్రశ్న ఏమిటని అడగాల్సిందే.

నడిమి పేర్ల సంగతి తారస్థాయికి చేరింది ఆటోఫేజీ రంగంలోనే. ఆటోఫేజీని ఎలా కొలవాలి, ఏ పరీక్షను ఎంతవరకు నమ్మాలి అన్న మార్గదర్శకాలు మిషిగన్ శాస్త్రవేత్త డేనియల్ క్లయన్‌స్కీ నాయకత్వంలో 2008 నుంచి కొన్నేళ్లకోసారి వస్తున్నాయి. 2016 నాటి కూర్పుకు రచయితలు 2 వేలకు పైనే. పేర్లే కొన్ని పేజీలు. అది పనికొచ్చే పత్రమే, అనుమానం లేదు. కానీ వేల సైటేషన్లు రెండు వేల మంది ఖాతాల్లో ఒక్కొక్కరికీ పూర్తిగా పడ్డాయి, పంచి ఇవ్వలేదు. అందులో ఒక పేరా సరిచూసిన మనిషి సైటేషన్ల పట్టీ ఒక్కరోజులో మారిపోతుంది. సమీక్షా వ్యాసాలదీ ఇదే ధోరణి. కొత్తగా ఏమీ కనుక్కోకుండా ఉన్నదాన్ని చక్కగా క్రోడీకరించిన వ్యాసానికి, మూలంలో కనుక్కున్న పేపర్లకన్నా ఎక్కువ సైటేషన్లు వస్తాయి, ఎందుకంటే రాసేవాళ్లకు పది పేపర్లు చెప్పేకన్నా ఒక సమీక్ష చెప్పడం సులువు.

హెచ్-ఇండెక్స్ ఇవన్నీ సరిచేస్తుందని చాలామంది నమ్మకం. 2005లో కాలిఫోర్నియాలోని భౌతికశాస్త్రవేత్త హోర్హె హిర్ష్ దాన్ని తెచ్చారు. ఒకరి పేపర్లలో 20కి తలా కనీసం 20 సైటేషన్లుంటే హెచ్-ఇండెక్స్ 20. ఒకే పెద్ద హిట్‌తో నెట్టుకొచ్చేవాళ్లను ఇది ఆపుతుంది, నిజమే. కానీ ఒక్కొక్కటి 3 వేల సైటేషన్లు తెచ్చిన ఐదే ఐదు పేపర్లు రాసినవారి హెచ్-ఇండెక్స్ 5 దగ్గరే ఆగిపోతుంది. ఓ మోస్తరు పేపర్లు వందలాదిగా రాసినవారు వాళ్లను ఎప్పుడో దాటేస్తారు. పైగా అది ఎప్పటికీ తగ్గదు, పరిశోధన మానేసి ఇరవై ఏళ్లయినా పెరుగుతూనే ఉంటుంది. వయసును కొలిచే సాధనం అన్నా పెద్ద తప్పు కాదు. సైటేషన్ డేటాబేస్‌లు కూడా ఒక్కలా ఉండవు. ఒకే మనిషికి గూగుల్ స్కాలర్‌లో ఒక అంకె, స్కోపస్‌లో ఒకటి, వెబ్ ఆఫ్ సైన్స్‌లో ఒకటి వస్తుంది, ఎందుకంటే థీసిస్‌లు, ప్రీప్రింట్లు (జర్నల్ పరిశీలనకు ముందే నెట్‌లో పెట్టిన పేపర్లు), నెట్‌లో దొరికిన పీడీఎఫ్‌లను కూడా గూగుల్ స్కాలర్ లెక్కేస్తుంది. గూగుల్ స్కాలర్ బలహీనత చూపించడానికి ఫ్రాన్స్‌కు చెందిన సిరిల్ లాబె 2010లో ఐక్ అంట్‌కారె అనే లేని మనిషిని సృష్టించారు. కంప్యూటర్ కుట్టిన అర్థంలేని పేపర్లు ఒకదాన్నొకటి సైట్ చేసేలా పెట్టారు. ఆ లేని మనిషి హెచ్-ఇండెక్స్ 94.

ఇక ఇంపాక్ట్ ఫ్యాక్టర్. ఇది మనుషులది కాదు, జర్నల్‌ది. అయినా దాన్ని మనుషుల నుదుట అంటించడం అలవాటైపోయింది. యూజీన్ గార్‌ఫీల్డ్ అనే అమెరికన్ 1964లో సైన్స్ సైటేషన్ ఇండెక్స్ ప్రారంభించినప్పుడు, ఏ జర్నళ్లను చేర్చాలో తేల్చుకోవడానికి ఉపయోగపడిన కొలత ఇది. లైబ్రరీలకు కూడా పనికొచ్చింది. లెక్క సులభం: గత రెండేళ్లలో ఆ జర్నల్‌లో వచ్చినవాటికి ఈ ఏడాది పడిన సైటేషన్లను, ఆ రెండేళ్లలో వేసిన పరిశోధనా వ్యాసాల సంఖ్యతో భాగిస్తారు. దీన్ని 1993 నాటి త్సుకదా-ఒసుమి పేపర్‌కు అన్వయించి చూడండి. ఫెబ్స్ లెటర్స్ ఇంపాక్ట్ ఫ్యాక్టర్‌కు దాని వల్ల అందింది 1994, 1995లో పడిన సైటేషన్లు మాత్రమే. ఆ తర్వాత దశాబ్దాల్లో పడినవన్నీ ఆ లెక్కలో సున్నా.

సగటు అన్నది కూడా ఇక్కడ మోసమే. 2005లో నేచర్ తన సంపాదకీయంలోనే లెక్క చెప్పింది: తమ ఇంపాక్ట్ ఫ్యాక్టర్‌లో 89 శాతం కేవలం 25 శాతం పేపర్ల వల్ల వచ్చింది. మిగతా ముప్పాతిక మంది ఆ పావు భాగం నీడలో గౌరవం పొందుతున్నారు. 2007లో జర్నల్ ఆఫ్ సెల్ బయాలజీని నడిపే సంపాదకులు, తమ జర్నల్‌కు, మరికొన్నింటికి ఇచ్చిన ఇంపాక్ట్ ఫ్యాక్టర్ అంకెలను సరిచూద్దామని, లెక్క కట్టే కంపెనీ దగ్గర డేటా డబ్బిచ్చి కొన్నారు. ఆ డేటాతో ప్రచురించిన అంకెలు రాలేదు. అడిగితే ఇంకో డేటా పంపారు, దానితోనూ రాలేదు. ఆ సంగతి వాళ్లు పత్రికలోనే రాసేశారు. కణజీవశాస్త్రవేత్తల విసుగు చివరకు 2012 డిసెంబరులో శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగిన అమెరికన్ సొసైటీ ఫర్ సెల్ బయాలజీ వార్షిక సమావేశంలో ఒక రూపం తీసుకుంది. జర్నల్ ఇంపాక్ట్ ఫ్యాక్టర్‌ను బట్టి మనుషులను అంచనా వేయొద్దన్న ప్రకటన అక్కడ తయారై 2013 మేలో బయటికొచ్చింది. డోరా అని పిలిచే ఆ ప్రకటన మీద తర్వాత ప్రపంచమంతటా వేలాది సంస్థలు, మనుషులు సంతకాలు చేశారు.

అంకెకు విలువ ఉన్నచోట అంకెను అమ్మేవాళ్లు పుట్టుకొస్తారు. మన హైదరాబాద్ ఈ విషయంలో అపఖ్యాతి మూటగట్టుకుంది. ఇక్కడి నుంచి వందలాది జర్నళ్లు నడిపిన ఒమిక్స్ సంస్థ మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016లో కేసు వేసింది. పేపర్లను నిపుణులు పరిశీలిస్తారని చెప్పి పరిశీలించకపోవడం, రుసుము సంగతి ముందు దాచడం, ఇంపాక్ట్ ఫ్యాక్టర్ గురించి తప్పుడు మాటలు చెప్పడం ఆరోపణలు. 2019 మార్చిలో నెవాడా ఫెడరల్ కోర్టు 5.01 కోట్ల డాలర్లు చెల్లించాలని తీర్పిచ్చింది. కానీ తప్పంతా అమ్మేవాళ్లదే అనలేం. 2010లో యూజీసీ (విశ్వవిద్యాలయాల నిధుల సంఘం) నిబంధనల్లో పాయింట్ల పద్ధతి వచ్చింది. పాఠం చెప్పడమే పని అయిన డిగ్రీ కాలేజీ లెక్చరర్ కూడా ప్రమోషన్ కోసం పేపర్లు చూపించాల్సి వచ్చింది, థీసిస్ ఇచ్చే విద్యార్థి ముందు పేపర్ వేయాల్సి వచ్చింది. ల్యాబ్ లేదు, గ్రాంట్ లేదు, గడువు మాత్రం ఉండేది. డబ్బిస్తే వారంలో అచ్చువేసే జర్నల్‌కు గిరాకీ అక్కడ పుట్టింది. పీహెచ్‌డీకి పేపర్ తప్పనిసరి అన్న షరతును యూజీసీ 2022లో తీసేసింది. ఏది మంచి జర్నలో చెప్పే కేర్ జాబితాను 2025లో ఆపేసింది.

సైటేషన్లు కూడా అలాగే ఇచ్చిపుచ్చుకోవచ్చు. మీరు మావి మూడు వేయండి, మేం మీవి మూడు వేస్తాం అని కూడబలుక్కునే బృందాలున్నాయి. పెళ్లి చదివింపుల పద్దు రాసుకున్నట్టే, ఎవరు ఎంత చదివించారో గుర్తుపెట్టుకుని తిరిగి తీరుస్తారు. కణజీవశాస్త్రంలో ఇంకో సమస్య బొమ్మలది. ఇక్కడ సాక్ష్యమంతా మైక్రోస్కోపు ఫొటోలు, జెల్ చారలే. ఎలిజబెత్ బిక్, ఆమె సహచరులు 20,621 పేపర్లలోని బొమ్మలను కంటితో చూసి 2016లో ప్రచురించిన లెక్క ప్రకారం 3.8 శాతం పేపర్లలో ఒకే బొమ్మను మళ్లీ వాడటం, మార్చడం లాంటి లోపాలున్నాయి. అన్నీ మోసాలే కాదు, పొరపాట్లు కూడా ఉంటాయి. ఏదేమైనా పొడవాటి ప్రచురణల జాబితా చూసినప్పుడు అందులో వెనక్కి తీసుకున్నవి ఎన్ని, సవరించినవి ఎన్ని అన్న ప్రశ్న తప్పనిసరి.

ఏటా మన దినపత్రికల్లో కనిపించే 'ప్రపంచ టాప్ 2 శాతం శాస్త్రవేత్తల్లో మన ప్రొఫెసర్' వార్త సంగతేమిటి? స్టాన్‌ఫర్డ్ ప్రొఫెసర్ జాన్ అయోనిడిస్ బృందం స్కోపస్ డేటాతో చేసే జాబితా అది, విశ్వవిద్యాలయం ఇచ్చే అవార్డు కాదు. అందులో రెండు భాగాలున్నాయి: ఒకటి మొత్తం కెరీర్‌ది, మరోటి ఆ ఒక్క ఏడాదిది. రెండోదాంట్లో చేరడం మొదటిదానికన్నా చాలా తేలిక, వార్తలో మాత్రం ఏదో చెప్పరు. దాని మంచితనం కూడా ఒప్పుకోవాలి. మొత్తం సైటేషన్లనే కాకుండా ఒక్కరే రాసినవి, మొదటి పేరు, చివరి పేరుగా ఉన్నవి విడిగా చూస్తుంది. సొంత పేపర్లను సొంతంగా సైట్ చేసుకున్నవి తీసేస్తే స్థానం ఎంతకు పడిపోతుందో పక్కనే వేస్తుంది. ఆ రెండు గడులు పక్కపక్కన చూస్తే వార్త సగం చదివినట్టే. రంగాన్ని బట్టి సరిచూసే కొలతలు ఇంకా ఉన్నాయి. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలు వాడే రిలేటివ్ సైటేషన్ రేషియో ఒక పేపర్‌ను దాని సొంత రంగంలోని పేపర్లతోనే పోలుస్తుంది. ఈస్ట్ మీద పనిచేసేవారిని క్యాన్సర్ మీద పనిచేసేవారితో పోల్చే అన్యాయం కొంత తగ్గుతుంది.

అంకెలు పక్కన పెట్టి పేపర్లు చదవమని చెప్పే సంస్థలు కూడా ఉన్నాయి. జర్మనీ పరిశోధనా నిధుల సంస్థ 2010లో దరఖాస్తుదారు గురించి ఐదు పేపర్లే చాలంది. హైదరాబాద్ కేంద్రంగా పనిచేస్తూ జీవశాస్త్ర, వైద్య పరిశోధకులకు ఫెలోషిప్‌లిచ్చే ఇండియా అలయన్స్ డోరా మీద సంతకం చేసింది. చేయదగ్గ పనే. కానీ ఐదు పేపర్లిస్తే వాటిని చదివే మనిషి కావాలి, చదివి అర్థం చేసుకునే తీరిక కావాలి. ఒక అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టుకు వందల దరఖాస్తులొచ్చి, కమిటీలో సగం మంది వేరే సబ్జెక్టు వాళ్లై, మధ్యాహ్నంలోగా షార్ట్‌లిస్ట్ తేల్చాలంటే చేయి తిన్నగా హెచ్-ఇండెక్స్ గడి మీదికే పోతుంది. 1995లో టోక్యోలో అలాంటి కమిటీ ముందుకు ఒసుమి వెళ్లి ఉంటే చేతిలో చూపించడానికి ఆటోఫేజీ మీద వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్ని పేపర్లే ఉండేవి. మరుసటేడు ఒకజాకి సంస్థ ఆయన్ను ప్రొఫెసర్‌గా తీసుకుంది.